ఒక నీడ అమలాపురంలో, ఇంకో నీడ సైబీరియాలో: దేశాలు దాటిన బడి ప్రాజెక్టులు అంటే ఏమిటి?

"మావాడి బళ్ళో ఈ ఏడాది గ్లోబల్ ప్రాజెక్టు పెడతారంటండి. జపాన్ పిల్లలతో కలిసి చేస్తారట. అంటే ఆన్‌లైన్ క్లాసేనా? దానికి మళ్ళీ వేరే ఫోను కొనాలా?"

రావులపాలెం సెంటర్లో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒక తండ్రి అడిగారు. కొబ్బరి ఒలుపు పని చేస్తారాయన. ఆ రోజు నాకు తోచింది చెప్పాను కానీ, బస్సు వచ్చేలోపు చెప్పగలిగిన జవాబు కాదది. జూన్ వచ్చిందంటే కోనసీమ రోడ్ల పక్కన ఫ్లెక్సీల మీద 'గ్లోబల్ క్లాస్‌రూమ్', 'ఇంటర్నేషనల్ కనెక్ట్' లాంటి మాటలు కనిపిస్తాయి. మరోపక్క సర్కారు హైస్కూళ్ళ గోడల మీదకి పెద్ద పెద్ద టచ్ ప్యానెళ్ళు వచ్చాయి. వాటితో వేరే దేశం పిల్లలతో మాట్లాడించవచ్చని టీచర్లకూ తెలుసు. అయితే మాట్లాడించాక ఏం చేయించాలన్నది చాలామందికి స్పష్టంగా లేదు. ఆ తండ్రి అడిగిన దానికి నిదానంగా జవాబు రాయాలని ఈ ప్రయత్నం.

ఆన్‌లైన్ క్లాసు వేరు, ఇది వేరు

ఆన్‌లైన్ క్లాసులో ఒక టీచరు చెబుతారు, పిల్లలు వింటారు. కరోనా రోజుల్లో మన ఇళ్ళన్నీ చూసినదే. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న దానిలో రెండు బళ్ళో, పది బళ్ళో, ఒక్కోసారి వందల బళ్ళో వేర్వేరు దేశాల నుంచి ఒకే పనిని పంచుకుంటాయి. ఎవరి టీచరు వాళ్ళకే ఉంటారు, ఎవరి తరగతిలో వాళ్ళే కూర్చుంటారు. పని మాత్రం ఉమ్మడిది.

ఈ ఒక్క పేరు కింద మూడు రకాల పనులు నడుస్తుంటాయి. గందరగోళమంతా అక్కడే.

ఒకటి పరిచయం. వీడియోలో పిల్లలు చేతులు ఊపుతారు, పేర్లు చెప్పుకుంటారు, పాట పాడతారు. 'మిస్టరీ స్కైప్' అని ఒక ఆట బాగా ప్రచారంలో ఉండేది. అవతలి తరగతి ఏ ఊళ్ళో ఉందో అవును, కాదు అనే జవాబులతోనే కనిపెట్టాలి. ఏడెనిమిదో తరగతి పిల్లలు అట్లాసు ముందేసుకుని ఊగిపోయేవాళ్ళు. (ఆ స్కైప్ 2025 మేలో మూతపడింది. ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద ఏళ్ళ తరబడి కట్టుకున్న కార్యక్రమానికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.)

రెండోది మార్పిడి. మా సంక్రాంతి మీకు, మీ పండగ మాకు. ఫోటోలు, ఉత్తరాలు, బొమ్మలు అటూ ఇటూ వెళ్తాయి. అవతలి వాళ్ళు పంపినవి గోడకి అతికించుకుంటాం.

మూడోది ఉమ్మడి పని. ఇద్దరూ కలిసి ఒక లెక్క తేలుస్తారు, ఒక పటం గీస్తారు, ఒక ప్రశ్నకు జవాబు వెతుకుతారు. ఇందులో సగం అవతలి వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఈ మూడింటినీ వేరు చేయడానికి ఒక్క ప్రశ్న చాలు: అవతలి బడి లేకపోతే ఈ పని పూర్తవుతుందా? సంక్రాంతి ముగ్గుల మీద చార్టు చేసి జపాన్ పంపితే, జపాన్ లేకపోయినా ఆ చార్టు చార్టే. అది చెడ్డదని అనడం లేదు. పరిచయం లేకుండా ఉమ్మడి పని మొదలే కాదు. కానీ మొదటి మెట్టు మీద నిలబడి మూడో మెట్టు పేరు చెప్పుకున్నప్పుడు ఆ తండ్రి లాంటి వాళ్ళకి అయోమయం మిగులుతుంది.

ఇంటర్నెట్ కన్నా పాత ఆలోచన

ఇదేదో కంప్యూటర్లతో పుట్టిందనుకుంటాం. 1920లలోనే ఫ్రాన్స్‌లో సెలెస్తిన్ ఫ్రెనే అనే పల్లెటూరి టీచరు ఈ పని చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. గంటల తరబడి గట్టిగా పాఠం చెప్పే శక్తి లేదు. చిన్న అచ్చు యంత్రం ఒకటి తరగతి గదిలోకి తెచ్చారు. పిల్లలు ఊళ్ళో చూసింది రాయడం, వాళ్ళే అక్షరాలు పేర్చి అచ్చువేయడం, దాన్ని దేశం అవతలి చివర సముద్రతీరంలో ఉన్న బడికి పోస్టులో పంపడం. అక్కడి పిల్లలూ అలాగే పంపేవాళ్ళు. చదివేవాడు దూరాన ఉన్నాడు, మన ఊరు చూడలేదు అన్న ఎరుక వల్ల పిల్లలు వివరంగా, జాగ్రత్తగా రాశారు. ఈ ఆలోచనకి వేరు ఇదే.

1953లో యునెస్కో దేశాల మధ్య బళ్ళను ఒక వలగా కలపడం మొదలుపెట్టింది. 1988లో, ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా ముగియకముందే, అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం నుంచి 12 బళ్ళను, సోవియట్ యూనియన్ నుంచి 12 బళ్ళను జత కలిపి ఒక ప్రయోగం జరిగింది. దేశాలు ఒకదాని మీద ఒకటి క్షిపణులు ఎక్కుపెట్టి ఉన్న రోజుల్లో పిల్లలు కంప్యూటర్ సందేశాలతో కలిసి పనిచేశారు. అదే పెరిగి ఐ-ఎర్న్ అనే సంస్థ అయింది. ఇవాళ వందకు పైగా దేశాల టీచర్లు దానిలో ఉన్నారు.

ఆ తర్వాతవి రెండు చెప్పుకోవాలి. 1995లో అమెరికా మొదలుపెట్టిన గ్లోబ్ కార్యక్రమంలో పలు దేశాల పిల్లలు వాన, ఉష్ణోగ్రత, మేఘాలు, మట్టి, నీరు కొలిచి ఒకేచోట నమోదు చేస్తారు. కొలిచే పద్ధతి అందరికీ ఒకటే కాబట్టి ఆ అంకెలు శాస్త్రవేత్తలకూ పనికొస్తాయి. 2005లో యూరోపియన్ కమిషన్ ఈ-ట్విన్నింగ్ తెచ్చింది. యూరప్ బళ్ళలో ఇద్దరు టీచర్లు కలిసి ప్రాజెక్టు పెట్టుకోవడానికి అదో వేదిక. కాలేజీల్లోనూ ఇలాంటివి ఉన్నాయి కానీ ఇక్కడ బడి వరకే చూద్దాం.

ఒక కర్ర, రెండు ఊళ్ళు

ఉమ్మడి పని అంటే ఏమిటో దగ్గరగా చూడటానికి ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూద్దాం. అమలాపురం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలు అనుకోండి. తొమ్మిదో తరగతి పిల్లలు భూమి చుట్టుకొలత కనుక్కోవాలి. చేతిలో ఉన్నవి ఒక మీటరు కర్ర, టేపు, దారానికి కట్టిన రాయి, జామెట్రీ బాక్సులోని కోణమానిని.

క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసిన పనే ఇది. ఒకే రోజు, సూర్యుడు ఆ రోజుకి బాగా ఎత్తుకి వచ్చిన వేళ, ఉత్తర దక్షిణాలుగా ఉన్న రెండు ఊళ్ళలో నీడలు వేరుగా పడతాయి. ఆ తేడా భూమి గుండ్రంగా వంగి ఉండటం వల్ల వచ్చింది. తేడా ఎన్ని డిగ్రీలో, ఊళ్ళ మధ్య దూరం ఎంతో తెలిస్తే పూర్తి 360 డిగ్రీలకు ఎంతో లెక్క కట్టొచ్చు.

ఇప్పుడు తోడు బడి కావాలి. అమలాపురం సుమారు 82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. అదే గీత పట్టుకుని ఉత్తరంగా వెళ్తూ పోతే, దాదాపు సూటిగా, రష్యాలోని సైబీరియాలో నోవోసిబిర్స్క్ నగరం తగులుతుంది. మార్చి 21 ప్రాంతంలో మన దగ్గర పిల్లలు పొద్దుటే చెమటలు కక్కుతుంటే అక్కడ ఇంకా మంచు కరగదు.

బడి ఆవరణలో కొబ్బరాకుల నీడ పడని చోటు వెతకాలి. కోనసీమలో అదే కష్టం. కర్ర పాతి, పక్కన దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉందో లేదో చూడాలి. పదకొండున్నర నుంచి ఐదేసి నిమిషాలకు నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెడుతూ పోవాలి. నీడ తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగి మళ్ళీ పెరగడం మొదలవుతుంది. ఆ అతి చిన్న నీడే కావలసింది. గడియారంలో పన్నెండు కొట్టినప్పుడే అది వస్తుందని పిల్లలు ఎదురుచూస్తారు. రాదు. ఆ రోజున అమలాపురంలో 12 గంటల 9 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. నోవోసిబిర్స్క్‌లో అయితే వాళ్ళ గడియారం సుమారు 1 గంట 36 నిమిషాలు చూపిస్తున్నప్పుడు. గడియారం ప్రభుత్వం పెట్టుకున్న ఏర్పాటని, సూర్యుడి మధ్యాహ్నం వేరని ఆ పది నిమిషాలు ఎండలో నిలబడ్డ పిల్లకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అమలాపురంలో మీటరు కర్ర నీడ సుమారు 30 సెంటీమీటర్లు. నోవోసిబిర్స్క్‌లో సుమారు 143 సెంటీమీటర్లు, అంటే కర్ర కన్నా పొడుగు. కాగితం మీద కర్ర, నీడలతో త్రిభుజం గీసి కర్ర పైకొస దగ్గరి కోణం కొలిస్తే మనది 16.7 డిగ్రీలు, వాళ్ళది 55 డిగ్రీలు. తేడా 38.3. ఊళ్ళ మధ్య దూరం సుమారు 4,270 కిలోమీటర్లు. దాన్ని 38.3తో భాగించి 360తో గుణిస్తే సుమారు 40,100 కిలోమీటర్లు వస్తుంది. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత సుమారు 40,000. రెండు కర్రలతో, ఒక టేపుతో!

"ఇంత దూరం ఎందుకండీ, మన రాజమండ్రి బడితో చేసుకోవచ్చుగా?" అని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్న. రాజమండ్రి మరీ దగ్గర, అదే గీత మీద కొంచెం దూరాన ఉన్న రాయపూర్ తీసుకుందాం. అమలాపురానికి, రాయపూర్‌కి కోణంలో తేడా సుమారు 4.7 డిగ్రీలే. మన పిల్లలు నీడ కొలవడంలో ఒక్క సెంటీమీటరు పొరబడితే కోణంలో అర డిగ్రీ తప్పు వస్తుంది. 4.7లో అర డిగ్రీ అంటే పదో వంతుకు పైనే. భూమి చుట్టుకొలత నాలుగైదు వేల కిలోమీటర్లు అటో ఇటో అయిపోతుంది. అదే తప్పు నోవోసిబిర్స్క్‌తో చేసినప్పుడు జరిగితే తేడా ఐదారు వందల కిలోమీటర్లే. ఇక్కడ దూరం గొప్ప కోసం కాదు, లెక్క సరిగ్గా రావడం కోసం. ప్రపంచంలో ఎక్కడో ఉన్న బడి ఎందుకు కావాలో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. ఆ 4,270 కిలోమీటర్లు మనం ఫోన్ మ్యాపులో చూసిందే. ఆ మ్యాపు భూమి ఎంతుందో ముందే తెలిసి వేసిన లెక్క. అంటే కొత్తగా కనిపెట్టామా, ఉన్నదాన్నే తిప్పి చెప్పామా? తరగతిలో ఒక్క పిల్లైనా ఈ మాట అడిగితే ఆ టీచరు ఆ రోజుకి మిగతా పాఠం పక్కన పెట్టేయొచ్చు. ఎరటోస్తనీస్‌కి మ్యాపు లేదు, ఊళ్ళ మధ్య దూరం మనుషులు నేల మీద కొలిచిందే.

గడియారాలు, సెలవులు, వరదలు

జంట బడి దొరికాక మొదట అడ్డం వచ్చేది టైము. మన బడి వేళలు పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు అనుకుంటే, జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంది. మనకు పది అయితే వాళ్ళకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఇద్దరూ బళ్ళోనే ఉంటారు. వియత్నాం గంటన్నరే ముందు కాబట్టి ఇంకా సులువు. నెదర్లాండ్స్‌తో అయితే చలికాలంలో మనకు మధ్యాహ్నం ఒకటిన్నర అయినప్పుడు వాళ్ళకు ఉదయం తొమ్మిది. న్యూయార్క్‌తో మాత్రం కుదరదు. అక్కడ బడి మొదలయ్యేసరికి మన పిల్లలు సాయంత్రం ఇంటికి చేరి అన్నం తినే వేళవుతుంది.

అందుకే ఈ ప్రాజెక్టుల్లో రెండు పద్ధతులున్నాయి. ఇద్దరూ ఒకే సమయానికి తెర ముందు కూర్చోవడం ఒకటి. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు ఉమ్మడి ఫైల్లో రాసి పెట్టడం, అవతలి వాళ్ళు మర్నాడు చూసి జవాబివ్వడం రెండోది. చూసేవాళ్ళకి మొదటిదే అసలు సందడిగా కనిపిస్తుంది. ఫోటోలు కూడా దానివే వస్తాయి. కానీ అసలు పని ఎక్కువగా నడిచేది రెండోదానిలో. నెట్ నిమిషానికోసారి పోయే ఊళ్ళలో అదే దిక్కు కూడా. నీడ ప్రాజెక్టుకి తరగతి మొత్తానికి ఒక్క ఫోను సరిపోతుంది. ఫోటో ఒకటి, అంకె ఒకటి పంపాలి, అంతే. పిల్లకో ట్యాబు అక్కర్లేదు. ఆ తండ్రి అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇది.

గంటల కన్నా నెలలతో ఇంకా చిక్కు. మన బళ్ళు జూన్‌లో తెరుస్తాం. యూరప్‌లో చాలా దేశాల్లో ఏడాది మొదలయ్యేది ఆగస్టు చివరో సెప్టెంబరో. జపాన్‌లో ఏప్రిల్. ఆస్ట్రేలియాలో జనవరి చివర. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, ఫిబ్రవరి వచ్చేసరికి పదో తరగతికి పరీక్షల టెన్షన్ తీసేస్తే మిగిలేది కొద్ది వారాలే.

మన గోదావరి డెల్టాకి మరో మాట కూడా ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండో హెచ్చరిక దాటేసరికి లంకల్లోకి (నది పాయల మధ్య దిబ్బల మీది ఊళ్ళలోకి) పడవలు తిరగాల్సి వస్తుంది. గట్టు మీద ఊళ్ళలో బడి పునరావాస కేంద్రమవుతుంది. తరగతి గదిలో మంచాలు, వంట సామాన్లు, పసిపిల్లలు. 2022 జూలైలో అలాగే జరిగింది. అవతలి దేశం టీచరుకి రెండు వారాలు జవాబు వెళ్ళకపోతే మనకు శ్రద్ధ లేదనుకుంటారు. అందుకే అనుభవమున్న టీచర్లు మొదటి ఉత్తరంలోనే తమ ఊరి క్యాలెండరు రాసేస్తారు: ఎప్పుడు పండగ, ఎప్పుడు పరీక్ష, ఎప్పుడు గోదారి వస్తుంది.

ఏ భాషలో మాట్లాడాలి?

ఇక్కడ అభిప్రాయాలు గట్టిగానే విడిపోతాయి. ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సందర్భం లేదని ఒక వాదం. మార్కుల కోసం కాదు, అవతల ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు కాబట్టి వాక్యం సరిగ్గా రాయాలన్న పట్టుదల పుడుతుంది. పైగా అవతలి జపాన్ పిల్లకో, వియత్నాం పిల్లాడికో కూడా ఇంగ్లీషు పరాయిదే. తప్పుల దగ్గర ఇద్దరూ సమానులే కాబట్టి బిడియం తగ్గుతుంది. నిజం.

అవతలి వాదం కూడా నిజమే. తరగతిలో నలభై మంది ఉంటే ఇంగ్లీషులో ధీమాగా మాట్లాడేది నలుగురు. వీడియో కాల్లో ఆ నలుగురే ముందు వరుసలో ఉంటారు, ఫోటోలో వాళ్ళే పడతారు. మిగిలిన ముప్పై ఆరు మందికి తమకు తెలిసిన సంగతి ఉన్నా మాట రాదు. ఏటిగట్టు ఎక్కడ బలహీనంగా ఉందో తెలిసిన పిల్లాడు వెనక బెంచీలో ఉండిపోతాడు.

అనువాద యాప్‌లు వచ్చాక గోడ కొంత తగ్గింది. మాటలోని ఊరు మాత్రం యాప్‌కి అందదు. మన పిల్ల "వియ్ లివ్ ఇన్ లంక" అని రాస్తే అవతలి తరగతి శ్రీలంక పటం తీస్తుంది. లంక అంటే నది పాయల మధ్య ఒండ్రుతో మేట వేసిన దిబ్బ అని, అక్కడ అరటి, కంద, కూరగాయలు బాగా పండుతాయని, వరదొస్తే ముందు మునిగేదీ అదేనని చెప్పడానికి పిల్ల ఒక బొమ్మ గీయాలి. ఆ బొమ్మ గీయడంతోనే ఆమెకు తన ఊరు ఎక్కడుందో కొత్తగా తెలుస్తుంది. సార్వా (తొలి వరి పంట), దాళ్వా (రెండో వరి పంట), లాకులు (కాలువ నీటిని ఆపే తలుపులు), పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఇలాంటివే. నాకైతే ఇలాంటి మాటలకి ఇంగ్లీషు వెతికి మార్చేయకుండా, తెలుగు మాటనే ఉంచి పక్కన రెండు వాక్యాల్లో వివరించడం మేలనిపిస్తుంది. ఫ్రెనే పిల్లలు అచ్చువేసి పంపిందీ అలాంటి ఊరి సంగతులే.

అంకెలకు, పటాలకు, కొలతలకు ఈ గొడవ తక్కువ. వెనక బెంచీ పిల్లాడు చక్కగా కొలిచిన 30 సెంటీమీటర్లు నోవోసిబిర్స్క్‌లో కూడా 30 సెంటీమీటర్లే.

పిల్లల పేర్లు, ఫోటోలు ఎవరి చేతికి?

తల్లిదండ్రులు అడగాల్సి ఉండి అడగనిది ఇది. ప్రాజెక్టులో చేరాలంటే పిల్లల పేరు, తరగతి, ఫోటో, ఒక్కోసారి గొంతు ఏదో ఒక కంపెనీ సర్వర్‌కి వెళ్తాయి.

ఒక్కో దేశంలో చట్టం ఒక్కోలా ఉంది. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ళ సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ సరిచూడగలిగే రూపంలో ఉండాలంటుంది. అమెరికా చట్టంలో ఈ గీత 13 ఏళ్ళ దగ్గర ఉంది. యూరప్‌లో మామూలుగా 16, సభ్యదేశాలు కావాలంటే 13 వరకు తగ్గించుకోవచ్చు. కాబట్టి అమెరికాలో తయారైన వేదికలో "13 దాటితే సొంతంగా ఖాతా తెరవచ్చు" అని కనిపించినంత మాత్రాన మన తొమ్మిదో తరగతి పిల్లకి అది సరిపోదు.

నీడ ప్రాజెక్టుకి పిల్లల పేర్లు అసలు కావాలా? అక్కర్లేదు. "మూడో జట్టు, 30 సెంటీమీటర్లు" అంటే చాలు. నీడ ఫోటోలో కర్ర, టేపు ఉంటే చాలు, ముఖం అక్కర్లేదు. చాలా ప్రాజెక్టుల్లో టీచరు పేరున ఒకే ఖాతా తెరిచి, పిల్లలు జట్టు పేర్లతోనే పనిచేస్తారు. మరీ ఇంత జాగ్రత్త పడితే పిల్లల మధ్య స్నేహం ఎలా పుడుతుందని కొందరు టీచర్లు బాధపడతారు. ఆ బాధ నాకూ అర్థమవుతుంది. కానీ స్నేహానికి ముందు భద్రత చూడటం పెద్దవాళ్ళ పని.

కలిస్తే దగ్గరవుతారా?

దేశాల పిల్లల్ని కలిపితే అపోహలు పోతాయని ఈ ప్రాజెక్టుల వెనక ఒక నమ్మకం ఉంది. 1954లో అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ దీన్ని ఒక సిద్ధాంతంగా చెప్పారు. వేర్వేరు వర్గాల వాళ్ళు కలిసినప్పుడు ద్వేషం తగ్గడానికి నాలుగు తోడ్పడతాయన్నారు: ఇద్దరికీ సమాన స్థాయి ఉండాలి, లక్ష్యం ఒకటవ్వాలి, పోటీ కాకుండా సాయం ఉండాలి, పైనున్న వ్యవస్థ దీన్ని సమర్థించాలి. 2006లో థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 500కు పైగా అధ్యయనాలను కలిపి చూసి, మొత్తం మీద పరిచయం అపోహల్ని తగ్గిస్తోందని, ఆ నాలుగూ ఉన్నచోట ఫలితం ఇంకా బాగుందని తేల్చారు. అయితే అవి ఎక్కువగా మనుషులు ఎదురెదురుగా కలిసిన సందర్భాలు. నెలకో అరగంట తెర మీద కలిస్తే అంతే ఫలితం వస్తుందని దాన్నిబట్టి చెప్పలేం.

నాలుగింటిలో మొదటిదే కష్టమైంది. ధనిక దేశం బడి, మన పల్లె బడి జత కట్టినప్పుడు చాలాసార్లు తెలియకుండానే ఒకరు ఇచ్చేవాళ్ళు, ఒకరు పుచ్చుకునేవాళ్ళు అయిపోతారు. "మీ బడికి పుస్తకాలు పంపమంటారా?" అని అవతలి పిల్ల ప్రేమగానే అడుగుతుంది. ఆ ప్రేమలో తప్పు లేదు. కానీ అక్కడి నుంచి సంభాషణ తిన్నగా మన బడిలో ఏం లేదో చెప్పడం వైపు పోతుంది. పిల్లలు తమ ఊరిని తామే లోటుగా చూడటం మొదలుపెడితే ఆ ప్రాజెక్టు మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది.

ఈ ప్రాజెక్టులే అనవసరమనే టీచర్లూ ఉన్నారు. వాళ్ళ మాట కొట్టిపారేయదగ్గది కాదు. సిలబస్ పూర్తి చేయాలి, రికార్డులు రాయాలి, యాప్‌లలో ఫోటోలు పెట్టాలి. పక్క లంకలో బడి ఎలా ఉందో మన పిల్లలకు తెలియకుండా ఫిన్లాండ్ సంగతి ఎందుకంటారు. జాతీయ విద్యా విధానం 2020 బట్టీ తగ్గించి చేసి నేర్చుకోవాలంటుంది, ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు సంచి లేని రోజులుండాలంటుంది. కాగితం మీద చోటు ఉంది. పరీక్ష పేపరులో మాత్రం నీడ కొలిచిన పిల్లకి ఒక్క మార్కూ ఎక్కువ రాదు. అందుకని ఇలాంటి పని ఎక్కువగా ఒక టీచరు పట్టుదల మీద నడిచి, ఆ టీచరు బదిలీ అయిన ఏడాదే ఆగిపోతుంది.

మన దగ్గర వాళ్ళకి లేనిదేముంది?

సమాన స్థాయి ఎక్కడినుంచి వస్తుందంటే, ప్రశ్న ఎంచుకోవడం దగ్గరనుంచి అంటాను. మన పిల్లలకు తెలిసింది అవతలి వాళ్ళకు అవసరమైన ప్రశ్న కావాలి. డెల్టాలో అలాంటిదొకటి ఇంటి వెనక బావిలోనే ఉంది. ఉప్పు.

వేసవిలో నదిలో నీళ్ళు తగ్గితే సముద్రం పోటు మీద పాయల్లో పైకొస్తుంది. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అప్పుడు సముద్రానికి దగ్గరి ఊళ్ళలో కొన్ని బావుల నీటి రుచి మారుతుంది. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో సరిగ్గా ఇదే బాధ. 2016లో, 2020లో అక్కడ ఉప్పునీరు చాలా లోపలికొచ్చి వరి, పండ్ల తోటలు దెబ్బతిన్నాయి. ఆ డెల్టాలో బెన్‌త్రె అనే ప్రాంతం కొబ్బరికి పేరుపొందింది. గంటన్నర తేడాతో, అదే పంటతో, అదే ఉప్పుతో ఒక బడి అక్కడ ఉందనుకోండి. మన చెరువుల మీద పనిచేసే ఆక్వా రైతు పిల్లాడికి సెలినిటీ (నీటిలో ఉప్పు) ఎన్ని పీపీటీ (వెయ్యి పాళ్ళకు ఎన్ని పాళ్ళు) ఉందో చూడటం వాళ్ళ నాన్న దగ్గరే తెలిసి ఉంటుంది. ఇంగ్లీషులో వెనకబడ్డ వాడే ఇక్కడ జట్టుకి పెద్ద.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా వారానికో రోజు, పోటు వేళ, ఊళ్ళో నాలుగు బావుల నీళ్ళు సీసాల్లో తెచ్చి, నీటిలో కరిగిన లవణాలు ఎన్నో చూపే టీడీఎస్ మీటరుతో చూడాలి. మీటరు ఖరీదు కొన్ని వందల రూపాయలు. ఉమ్మడి షీట్లో తేదీ, బావి నుంచి ఏటికి ఎన్ని అడుగులు, అంకె. అవతలా అంతే. మన బావి ఒక్కటే చూస్తే అంకె పెరిగిందని తెలుస్తుంది. నది వల్లా, పోటు వల్లా, చుట్టూ తవ్విన చెరువుల వల్లా, ఆ ఏడాది వాన వల్లా అన్నది తెలియదు. ఇంకో నది, ఇంకో వాన, వేరే రకం కాలువలున్న చోటు అంకెలు పక్కన పెడితేనే ఒక్కో కారణాన్ని విడదీసి చూడటం మొదలవుతుంది. నాలుగు నెలల అంకెలతో తేలిపోయే సంగతి కాదది. మార్చిలో పరీక్షలొచ్చి రెండు వారాల గళ్ళు ఖాళీగానూ ఉంటాయి. ఆ ఖాళీలు ఎందుకొచ్చాయో కూడా షీట్లో రాయాలి.

బెన్‌త్రె నుంచి ఒక ప్రశ్న వచ్చిందనుకోండి: "మీ రెండో బావి ఏటికి దగ్గర. మూడోది దూరం. అయినా దగ్గరిదే ఎందుకు తియ్యగా ఉంది?" సమాధానం పుస్తకంలో దొరకదు. సాయంత్రం ఆ బావి గట్టు దగ్గర కూర్చునే ముసలాయన్ని పిల్లలు అడగాలి. పాత పాయ ఎక్కడ పారేదో, ఇసుక ఎక్కడ మేట వేసిందో, ఆ బావి తవ్వినప్పుడు ఎన్ని అడుగులకు నీళ్ళు పడ్డాయో ఆయన చెబుతారు. అది విని, బొమ్మ గీసి, మర్నాడు తొమ్మిదింటికి పంపాలి. అక్కడ పదిన్నర అవుతుంది, పిల్లలు ఇంకా బళ్ళోనే ఉంటారు.